రెండు అడ్డుకర్రల మధ్య

దమయంతి మామ్మ మొండితనం చికాగో పక్క నేపర్‌విల్‌లో తెలుగువాళ్ళందరికీ తెలుసు. డ్రైవింగ్ టెస్టు నాలుగుసార్లు తప్పి ఐదోసారి పాసైంది. పాసైన మర్నాటి నుంచి స్టీరింగు ముట్టుకోలేదు. "నాకు రాదన్నారుగా, వచ్చని చూపించా. ఇంక మీరే తిప్పండి" అంది. మోకాళ్ళ ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు సర్జన్ చేతిలో గోంగూర పచ్చడి సీసా పెట్టి, రెండూ ఒకేసారి చేసెయ్యమని బేరమాడింది. అలాంటి మనిషి రెండువేల పంతొమ్మిది ఏప్రిల్‌లో, ఒక ఆదివారం ఇడ్లీల దగ్గర, జాంబియా వెళ్తానంది.

కొడుకు రవి చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఆగిపోయింది.

"జాంబియా ఏంటమ్మా? కాశీ అంటే అర్థం ఉంది. నీకింకా ఫిజికల్ థెరపీ నడుస్తోంది."

"కాశీలో నాకెవరున్నార్రా?"

"జాంబియాలో మాత్రం ఎవరున్నారు?"

మామ్మ బల్లకి అవతలున్న భర్త, ధర్మారావు తాతయ్య వైపు చూసింది. తాతయ్య చట్నీ గిన్నెలోకి చూశాడు. రవికి అప్పుడు గుర్తొచ్చింది. తనకంటే ముందు ఒక అక్క పుట్టిందనీ, సుమతి అని పేరు పెట్టారనీ, ఆఫ్రికాలోనే పోయిందనీ అతనికి తెలుసు. అంతే తెలుసు. ఆ ఇంట్లో అంతకుమించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

ఆ రోజుల్లో మన మేష్టర్లు చాలామంది ఆఫ్రికా దేశాలకి వెళ్ళారు. తాతయ్య జాంబియాకి తూర్పు అంచున ఒక చిన్న ఊళ్ళో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. అక్కడే సుమతి పుట్టింది. డెబ్బై నాలుగు జనవరికి దానికి ఐదో నెల. ఇంకా పళ్ళు రాలేదు. జ్వరం వచ్చింది, ఎంతకీ దిగలేదు. దగ్గరలో ఉన్న ఆసుపత్రి సరిహద్దుకి అవతల, మలావీలో, మిషన్ వాళ్ళది. హెడ్మాస్టరు తన లాండ్‌రోవర్ ఇచ్చాడు.

సరిహద్దంటే కంచెలూ తుపాకులూ అనుకోకండి. మట్టిరోడ్డుకి అడ్డంగా ఒక కర్ర, దాని చివర బరువుకి కట్టిన బండరాయి, పక్కన రేకుల గది. అది జాంబియాది. ఒక మైలు పోతే అలాంటిదే ఇంకో కర్ర, ఇంకో గది. అది మలావీది. మధ్యలో ఉన్న మైలు నేల ఏ దేశమూ నాది అనలేదు. గడ్డి, చెదపుట్టలు, పక్క పల్లెవాళ్ళ మొక్కజొన్న. రోజుకి ఇద్దరో ముగ్గురో దాటేవారు. జాంబియా వైపు ఆఫీసరు పేరు న్యిరెండా. మామ్మ పాస్‌పోర్టులో బిడ్డ పేరు చూసి, స్టాంపు వెయ్యబోతూ ఆగి, సుమతి అరికాలి మీద వేలితో గీరాడు. జ్వరంలో కూడా అది కాలు ముడుచుకుంది.

మూడో రోజు పొద్దున తిరిగొచ్చారు. మామ్మ ఒళ్ళో తువ్వాలులో చుట్టిన సుమతి ఉంది, సుమతిలో ప్రాణం లేదు. మలావీ కర్ర లేచింది. జాంబియా కర్ర లేవలేదు. న్యిరెండా తల పట్టుకున్నాడు. చనిపోయినవాళ్ళని దేశంలోకి తేవాలంటే జిల్లా కచేరీ నుంచి కాగితం రావాలి. వానలకి రోడ్డు తెగింది, కాగితం వచ్చేసరికి నాలుగు రోజులు. వెనక్కి పోదామన్నా ఆ పక్కవాళ్ళూ అదే కాగితం అడుగుతారు. నాలుగు రోజులు ఆ బిడ్డని పెట్టుకుని ఆ మైలు నేల మీద కూచోలేరు కదా.

"ఇక్కడే మట్టి చెయ్యండి సార్. నేను మనుషుల్ని పిలుస్తా" అన్నాడు న్యిరెండా.

తాతయ్య బిడ్డని చేతుల్లోకి తీసుకున్నాడు. "నువ్వు బండిలోనే ఉండు దమయంతీ. మనలో ఆడవాళ్ళు రాకూడదు కదా."

ఆయన చెప్పక్కర్లేదు, మామ్మకి తెలుసు. పళ్ళు రాని బిడ్డని కాల్చరు, పూడుస్తారు. గుర్తు పెట్టరు. తల్లి వెంట వెళ్ళదు. మామ్మ తల్లికి ఇద్దరు అలాగే పోయారు, ఆవిడా రెండుసార్లూ గుమ్మం దాటలేదు.

తాతయ్య రేకుల గదిలోకి వెళ్ళాడు. వాన ఎక్కువైంది. కాసేపటికి ఆ గది వెనక నుంచి ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారు. అందరూ తడిసి ముద్దయి ఉన్నారు. ఒకామె వీపున పూలగుడ్డలో బిడ్డ కట్టి ఉంది. బండి పక్కకి వచ్చి ఆగారు. ఆమే కిటికీ అద్దం మీద అరచెయ్యి పెట్టి ఏదో అంది. వానలో బండి ఎక్కించుకోమంటున్నారనుకుంది మామ్మ. డ్రైవ్ చేసేవాడు లేడు, బండి తనది కాదు, పైగా ఆ క్షణాన ఎవరి బిడ్డనీ చూసే ఓపిక లేదు. తల అడ్డంగా ఊపింది. వాళ్ళు ఇంకాసేపు నిలబడి, ఆ తర్వాత గడ్డిలోకి వెళ్ళిపోయారు.

గంటన్నర తర్వాత తాతయ్య వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, పంట్లాం వెనక కూడా బురద.

"ఎక్కడ?" అంది మామ్మ.

"అయిపోయింది. ఆ మాట ఇంక అడగకు."

కానీ మామ్మ అడిగింది. లుసాకాలో అమెరికా విమానం ఎక్కబోతూ అడిగింది. రవి పుట్టినప్పుడు పచ్చి బాలింత మంచంలో పడుకుని అడిగింది. రవికి అనన్య పుట్టిన రోజు ఆసుపత్రి లిఫ్టులో, చుట్టూ తెల్లవాళ్ళు నిలబడి ఉండగా, తెలుగులో అడిగింది. ప్రతిసారీ "అడగకు" అనేవాడాయన. మతిమరుపు మనిషైతే సరే అనుకునేది. తాతయ్యకి ఈ లోకంలో గుర్తులేనిదంటూ లేదు. అందుకే ఆయన గుండె రాయి అని మామ్మ తీర్మానించుకుంది. అన్నం వడ్డించింది, బీపీ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చింది, మంచులో జారతాడని చెయ్యి పట్టుకు నడిపించింది, క్షమించడం మాత్రం చెయ్యలేదు. నలభై ఐదేళ్ళు అవన్నీ ఒకే కాపురంలో సర్దింది.

ఆ ఏడు చలికాలంలో తాతయ్యకి చిన్న స్ట్రోక్ వచ్చింది. ఎడం చెయ్యి బరువెక్కింది, నడక తగ్గింది, మాట మాత్రం పోలేదు. ఈయన పోతే ఆ చోటు కూడా ఈయనతోనే పోతుందని మామ్మకి భయం పట్టుకుంది. బిడ్డ ఎక్కడ ఉందో చచ్చేలోపు ఒక్కసారి చూడాలి. అంతకంటే ఏం అక్కర్లేదు.

"వద్దు దమయంతీ. అక్కడేం లేదు" అన్నాడు తాతయ్య ఆ ఆదివారం.

"ఉందో లేదో నేను చూసుకుంటాగా. మీరు చోటు చెప్పండి చాలు."

"గుర్తు లేదు."

"డెబ్బై మూడులో ఫారం టూ, బి సెక్షన్, రోల్ నంబర్ పదిహేడు ఎవరండీ?"

"డేవిడ్ జూలు" అన్నాడు తాతయ్య, నోరు జారి.

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. తాతయ్య కుర్చీ వెనక్కి జరుపుకుని, గోడ పట్టుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"డాడ్, నేను వెళ్తా మామ్మతో. నా సెమిస్టర్ అయిపోతుంది కదా" అంది అనన్య. రెండో ఏడు కాలేజీ అమ్మాయి; తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం క్రియలన్నీ ఒక్క కాలంలోకే వచ్చి పడతాయి. "మామ్మా, నువ్వు నాకు వీల్‌చెయిర్‌లో కూచుంటా అని ప్రామిస్ చేస్తావు. ఎయిర్‌పోర్ట్‌లో ఓన్లీ."

"కూచుంటా. కానీ తోసేవాడితో నువ్వు మాట్లాడు. వాడు నన్ను 'యంగ్ లేడీ' అన్నాడంటే మాత్రం దిగిపోతా."

జూన్ మొదటివారంలో లుసాకాలో దిగారు. ఫిరి అనే పెద్దాయన కారు మాట్లాడుకుని రెండు రోజులు తూర్పుకి పోయారు. తారు రోడ్డు అయిపోయి మట్టిరోడ్డు వచ్చింది. మామ్మ కంచిపట్టు చీర మీద చికాగో స్వెటరూ, కాళ్ళకి తెల్లటి వాకింగ్ బూట్లూ వేసుకుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని, దారిలో ఎదురైన ప్రతి మేకకీ "ఎక్స్‌క్యూజ్ మీ" చెప్తూ వచ్చింది. మూడో రోజు పది గంటలకి కర్ర కనిపించింది. అదే కర్రని మామ్మ వాదన. అన్నేళ్ళు ఏ కర్రా ఉండదని అనన్య వాదన. బండరాయికి బదులు ఇప్పుడు సిమెంటు పోసిన నూనె డబ్బా ఉంది.

చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు. లారీ లేదు, వరస లేదు, జెండా కూడా గాలి లేక వేలాడుతోంది. రేకుల గదికి ఇప్పుడు పెంకులు వేశారు. లోపల యూనిఫారంలో ఒక చిన్నది రిజిస్టరు ముందు పెట్టుకుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. పేరు గ్రేస్. మనుషుల్ని చూసి సంబరపడిపోయింది.

"నిన్న ఎవరూ రాలేదు. మొన్న ఒక సైకిలతను" అంది ఇంగ్లీషులో. "ఎక్కడికి వెళ్తున్నారు అగోగో?" అగోగో అంటే అక్కడ మామ్మ అనే. ఆ పిలుపుతో మామ్మ సగం కరిగింది.

"మధ్యకి."

"మధ్యకంటే?"

"ఈ కర్రకీ ఆ కర్రకీ మధ్య. చూసి వచ్చేస్తా."

గ్రేస్ పెన్ను గాల్లో ఆడించింది. "మధ్యకి స్టాంపు లేదు అగోగో. నేను బయటికి స్టాంపు వేస్తే మీరు మలావీలోకి వెళ్ళి తీరాలి. వెళ్ళకుండా వెనక్కొస్తే మీరు ఎక్కడికి వెళ్ళినట్టు? నా రిజిస్టర్లో ఆ గడి లేదు."

"మామ్మా, లెట్స్ జస్ట్ మలావీ వెళ్తాం, మళ్ళీ వస్తాం" అంది అనన్య చెవిలో.

మామ్మ వినిపించుకోలేదు. "నా కూతురుంది అమ్మా అక్కడ. నలభై ఐదేళ్ళ నించి ఉంది. దానికీ ఎవరూ స్టాంపు వెయ్యలేదు" అంది. తర్వాత సంగతంతా చెప్పింది. నలభై ఐదేళ్ళ సంగతి చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు.

గ్రేస్ పెన్నుకి మూత పెట్టింది. పాస్‌పోర్టులు రెండూ సొరుగులో వేసి తాళం తిప్పింది. "సాయంత్రంలోపు వచ్చెయ్యండి. ఆ రోజుల మనిషి ఊళ్ళో ఒక్కతే మిగిలింది, న్యాజేరే. నేనే తీసుకెళ్తా." ఫిరిని తన కుర్చీలో కూచోబెట్టి, ఎవరైనా వస్తే ఆగమని చెప్పు అంది. కర్ర తనే ఎత్తింది. సాయంత్రం దాకా ఫిరి ఆ కుర్చీలో నిద్రపోయాడు. ఎవరూ రాలేదు.

న్యాజేరే గుడిసె ముందు చాప మీద కూచుని మొక్కజొన్న ఒలుస్తోంది. పన్ను లేదు, చూపు మాత్రం సూది. "మూలీ ఊలీ" అంది మామ్మ, ఎలా ఉన్నావని. బజారులో నేర్చుకున్న రెండు మాటల్లో అదొకటి. ముసలామె పగలబడి నవ్వింది. మామ్మని చాప మీద కూచోమంది. మామ్మ కొత్త మోకాళ్ళు వంగవు కదా; స్టూలు తెచ్చారు.

గ్రేస్ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సగంలోనే న్యాజేరే చేతిలో కండె చాప మీద పెట్టేసింది. మామ్మ మొహం చూసింది, బూట్లు చూసింది, మళ్ళీ మొహం చూసింది. అప్పుడు మాట్లాడింది. గ్రేస్ ఒక్కొక్క ముక్కా ఇంగ్లీషులో చెప్పింది.

"ఆ బండిలో కూచున్నది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు దిగలేదు?"

మామ్మకి అర్థం కాలేదు.

"మేం నీకోసం ఆగాం. నేనప్పుడు కొత్త కోడల్ని. మా అత్త నీ బిడ్డని వీపున కట్టుకుంది. పళ్ళు రాని బిడ్డని మా ఊళ్ళో మగవాళ్ళు ముట్టరు. ఆడవాళ్ళే తీసుకెళ్తారు, ఆడవాళ్ళే పెడతారు. తల్లి ముందు నడవాలి. మా అత్త అద్దం మీద చెయ్యి పెట్టి పిలిచింది. నువ్వు తల ఊపావు. రానన్నావు. ఒంట్లో బాలేదేమో అనుకున్నాం."

 అనన్య వచ్చి మామ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడున్నట్టు కూడా మామ్మకి తెలియలేదు.

"మరి ఆయన?" అంది మామ్మ. "మా ఆయన మీతో రాలేదా?"

"వచ్చాడు. రాకూడదని తరిమాం. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తరిమాం. మూడోసారి మా అత్త కర్ర ఎత్తింది. అప్పుడు ఆ గడ్డి దారి మధ్యలో, వానలో, బురదలోనే కూలబడ్డాడు. మేం తిరిగొచ్చేదాకా లేవలేదు. ఎక్కడ పెట్టారు, ఎక్కడ పెట్టారు అని అడిగాడు. మగవాళ్ళకి చెప్పం కదా, చెప్పలేదు." న్యాజేరే కండె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "బతికున్నాడా?"

"ఉన్నాడు" అంది మామ్మ.

చోటు పెద్ద దూరం కాదు. బండి ఆగిన చోటి నుంచి పిలిస్తే పలికేంత దూరం. ఒక పెద్ద చెదపుట్ట వెనక, కాస్త పల్లంలో, కోత అయిపోయిన మొక్కజొన్న చేను. న్యాజేరే చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసింది. ఇదంతానే. ఫలానా చోటని ఆమె కూడా చెప్పలేకపోయింది. వాళ్ళూ గుర్తు పెట్టరు. ఆమె బిడ్డలు ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మామ్మ ఎండిన మొక్కజొన్న మోళ్ళ మధ్య రెండడుగులు నడిచింది. తర్వాత, డాక్టరు ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యొద్దని రాసిచ్చిన పని చేసింది. పట్టుచీరతో నేల మీద చతికిలబడింది. ఏడవలేదు. అరచెయ్యి మట్టి మీద ఆనించి, కాసేపు ఈ పక్క, కాసేపు ఆ పక్క నిమిరింది. ఏ పక్క ఉందో తెలియదు కదా. న్యాజేరే ఎదురుగా కూచుంది. సూర్యుడు పుట్ట మీదుగా దిగేదాకా ఇద్దరు ముసలమ్మలూ అలాగే కూచున్నారు. లేపడానికి అనన్యా, గ్రేసూ ఇద్దరూ కావలసి వచ్చింది. పులిహోర డబ్బా న్యాజేరేకి ఇచ్చేశారు.

తిరుగు ప్రయాణంలో వీల్‌చెయిర్ తోసినవాడు యంగ్ లేడీ అన్నా మామ్మ దిగలేదు. అనన్యకి అది చూసి భయం వేసింది.

నేపర్‌విల్ చేరేసరికి శనివారం మధ్యాహ్నం. రవి కారులోంచి సూట్‌కేసులు దింపుతున్నాడు. తాతయ్య కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మామ్మ వస్తుంటే మొహంలోకి చూడలేదు. ఆవిడ బూట్లకి అంటుకున్న ఎర్రమట్టిని చూశాడు.

మామ్మ ఎదురుగా కూచుంది.

"తెలీదని ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయేదండీ?"

తాతయ్య కుడిచేత్తో ఎడంచెయ్యి పట్టుకున్నాడు.  "మనిద్దరిలో ఒకళ్ళమైనా దాని దగ్గరున్నామని నువ్వు అనుకోవాలి కదా దమయంతీ. తెలీదంటే నీకు అది కూడా ఉండదు."

"రాయి అనుకున్నా మిమ్మల్ని."

"తెలుసు."

"నా పక్కకే వచ్చి ఆగారండీ వాళ్ళు." అప్పుడు ఏడుపు వచ్చింది మామ్మకి. "దాన్ని వీపున కట్టుకుని నా కిటికీ దగ్గర ఆగారు. రమ్మని పిలిచారు. నేను... లిఫ్టు అడుగుతున్నారనుకున్నా. లేదని తల ఊపా."

తాతయ్య లేవబోయాడు. కాళ్ళు సహకరించలేదు. కుర్చీనే నేల మీద కిర్రుమనేలా ఈడ్చుకుంటూ ఆవిడ దగ్గరకి జరిపాడు. హాల్లోకి వచ్చిన రవి, సూట్‌కేసు పట్టుకునే, వెనక్కి తిరిగి గరాజులోకి వెళ్ళిపోయాడు.

"వీపున కట్టుకున్నారా?" అన్నాడు తాతయ్య. "నేనది చూడలేదు. గదిలోంచి వెనక గుమ్మాన తీసుకెళ్ళారు. తర్వాత వానలో నన్ను దగ్గరికే రానివ్వలేదు."

"పూలగుడ్డలో. పెద్దావిడ, వాళ్ళ అత్త."

"ఎండ పడుతుందా అక్కడ?"

"పడుతుంది. పక్కన పుట్ట ఉంది, మధ్యాహ్నం దాటాక నీడ."

"నీళ్ళు నిలుస్తాయా?"

"పల్లమే. నిలిచినా ఇంకిపోతాయట."

"ఒక్కతే ఉందా?"

"లేదండీ. చాలామంది ఉన్నారు. న్యాజేరే పిల్లలు ఇద్దరున్నారు."

నలభై ఐదేళ్ళు అడగకు అన్న మనిషి ఆ సాయంత్రమంతా అడుగుతూనే ఉన్నాడు. మామ్మ చెప్తూనే ఉంది. మర్నాడు పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా, "ఆ అత్త పేరేంటిట?" అన్నాడు. అది మామ్మ అడగలేదు. అడగనందుకు తనని తాను తిట్టుకుంది. అనన్య చేత గ్రేస్‌కి ఉత్తరం రాయించింది. జవాబు రాలేదు. ఆ సరిహద్దు పోస్టుకి ఉత్తరాలు ఎవరు తెస్తారో, ఎప్పుడు తెస్తారో.

తాతయ్య ఆ డిసెంబరులో పోయాడు. ఆయన్ని కాల్చే చోటికి మామ్మ కూడా వెళ్ళింది. ఆడవాళ్ళు రాకూడదేమో అని పక్కింటి సుమిత్ర ఆంటీ నసిగితే, "ఒకసారి బండిలో కూచున్నా. చాలు" అంది.

ఇప్పుడు సుమతి గురించి ఆయనలా అడిగేవాళ్ళు లేరు. మనవలు అడిగితే, "మీకు చెప్తే ఏం తెలుస్తుందర్రా" అని కసురుతుంది. ఆయన కుర్చీ ఇంకా కిటికీ పక్కనే ఉంది. దానికి ఎదురుగా కూచుని చిక్కుళ్ళు వలుస్తూ, ఒక్కోసారి పని ఆపి, ఏదో అడుగుతారేమోనన్నట్టు అటు చూస్తుంది.